శవానిది ఏ పార్టీ?

విశాఖ ఆర్కే బీచ్‌లో ముంత మసాలా నములుతూ ఇద్దరు పెద్దమనుషులు ప్రపంచ యుద్ధం నడుపుతున్నారు. గాజా పిల్లల మాటెత్తితే ఒకాయనకు ‘మానవ కవచాలు’ గుర్తొస్తాయి. ఉక్రెయిన్‌లోని బుచా శవాల మాటెత్తితే రెండో ఆయనకు ‘నాటో కుట్ర’ కనిపిస్తుంది. చచ్చినవాడు ఏ పక్షమో తేలేదాకా ఇద్దరికీ కన్నీళ్లు రావు.

1942 ఏప్రిల్ 6న ఈ విశాఖ మీదే జపాన్ బాంబులేసింది. అయితేనేం, తెల్లదొరకు శత్రువు కదా, మనకు చుట్టమే అన్నారు ఇద్దరూ! (ఇక్కడ మాత్రం ఏకాభిప్రాయం.) మన రేవులో ఓడెక్కితే దిగే అండమాన్‌లో, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర ఆ చుట్టమే 44 మంది భారతీయులను కాల్చి చంపింది. ‘గూఢచారులై ఉంటారులెండి’ అన్నారు పెద్దమనుషులు. చచ్చినవాళ్లలో చాలామంది జపాన్ పక్షాన నిలిచిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ వాళ్లే.