పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

మా అల్లుడి కారు పొద్దున్న స్టార్ట్ చేయగానే పది సెకన్లు వణికేది. చలిజ్వరం వచ్చినవాడిలా వణికి, సైలెన్సర్లోంచి ఓ గుక్క తెల్లపొగ వదిలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా నడిచేది. వారానికోసారి కూలెంట్ గ్లాసెడు తగ్గేది. కింద నేల మీద మాత్రం చుక్క మరక ఉండేది కాదు. ఈ రెండు ముక్కలూ ఫోన్లో వినగానే "హెడ్ గ్యాస్కెట్, బాబూ" అన్నాను. "చూడకుండా ఎలా చెబుతారు మావయ్యగారూ, కంప్యూటర్ పెట్టిస్తాను" అని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాడు.

కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. మూడో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందంది. నిజమే, కొడుతోంది. ఎందుకు కొడుతోందో మాత్రం దానికి తెలియదు. అక్కడి కుర్రాళ్లు మూడో సిలిండర్ ప్లగ్గు మార్చారు. తగ్గలేదు. కాయిల్ మార్చారు. తగ్గలేదు. ఇంజెక్టర్ కడిగారు, థర్మోస్టాట్ మార్చారు. మూడు నెలలు, నాలుగు బిల్లులు. థర్మామీటర్ 102 చూపిస్తే అది జ్వరం ఉందని చెప్పడమే గానీ, మలేరియానో టైఫాయిడో చెప్పడం కాదు కదా అబ్బాయ్! నాడి పట్టుకునేవాడు ఒకడు పక్కన ఉండాలి.

మా రోజుల్లో ఉండేవాడు. నేను బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న షెడ్డు మా గురువుది. అందరూ సాయిబు మేస్త్రి అనేవారు. షెడ్డు గోడకి మేకులు కొట్టి, వాటికి గ్యాస్కెట్లు దండల్లా తగిలించి ఉండేవి. అంబాసిడర్‌ది ఒక మేకు, ఫియట్‌ది ఒక మేకు. కారు రాగానే పానా పట్టుకుంటే మోచేతి మీద ఒకటి తగిలించేవాడాయన. "రాత్రికి ఉంచి వెళ్లండి" అనేవాడు ఓనరుతో. అదే ఆయన మొదటి వైద్యం. రాత్రంతా చల్లారిన ఇంజిన్ దగ్గరికి తెల్లారి ఐదింటికి టీ గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. వేడి ఇంజిన్ అబద్ధాలాడుతుంది, చల్ల ఇంజిన్ ఆడలేదు అనేవాడు. ఇప్పుడు కారుని రాత్రికి ఉంచమంటే ఓనరు నా మొహం వంక అదోలా చూస్తాడు. గంటలో కావాలి, వాట్సాప్‌లో ఎస్టిమేట్ రావాలి.

నీకు తెలియాలని చెబుతున్నాను, విను. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ ఒకటే గానీ అది పోయే దారులు వేరువేరు. ఒక్కో దారికి ఒక్కో గొంతు. రెండు సిలిండర్ల మధ్య గోడ దగ్గర పోతే నీళ్లు తగ్గవు, పొగా రాదు. ఇంజిన్ మాత్రం కుంటుతుంది, ఎత్తెక్కలేదు. పక్కపక్క సిలిండర్లు రెండింటికీ కంప్రెషన్ కలిసే పడిపోతుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌లో ఇది రెండో, మూడో సిలిండర్ల మధ్యే ఎక్కువగా వచ్చేది. ఆ రెండింటి పొగా ఒకే నోట్లోంచి బయటికి పోతుంది, అందుకని అక్కడ వేడెక్కువ. మా గురువు ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి వినేవాడు. ఒకటో దాని వైరు పీకితే ఇంజిన్ గొంతు మారేది, నాలుగో దానిది పీకినా మారేది. రెండూ, మూడూ పీకితే మారకపోతే ఇక కంప్రెషన్ గేజీ కూడా అడిగేవాడు కాదు, గోడ మీది మేకు వైపు చూసేవాడు.

నీళ్లకీ ఆయిలుకీ మధ్య పోతే డిప్‌స్టిక్ మీద ఆయిలు చిక్కటి మజ్జిగలా వస్తుంది. దీన్ని అందరూ గొప్పగా చెప్పుకుంటారు, కానీ ఇక్కడే తొందరపడకూడదు. చలికాలంలో రోజూ కిలోమీటరు దూరం ఆఫీసుకి పోయి వచ్చే కారుకి ఆయిల్ మూత కింద ఈ మజ్జిగ ఊరికే కడుతుంది. ఇంజిన్ సరిగా వేడెక్కక లోపలి తడి ఆరదు, అంతే. నా చేతుల్లోకి షెడ్డు వచ్చిన కొత్తల్లో ఓ స్కూలు మాస్టారి కారుకి మూత కింద అది చూసి హెడ్డు విప్పేశాను. గ్యాస్కెట్ నిక్షేపంగా ఉంది. ఆయన జీతంలో సగం నా తొందరకి పోయింది. డబ్బు తిరిగిస్తానంటే ఆయన తీసుకోలేదు. ఈ రోజుకీ ఆ మూత కళ్లముందు కనపడుతుంది నాకు.

ఇక సిలిండర్‌కీ నీళ్లకీ మధ్య పోయిందనుకో, అది దొంగరోగం. ఇంజిన్ నడిచేటప్పుడు మంట గాలి నీళ్లలోకి దూరుతుంది, ఆపాక నీళ్లు సిలిండర్‌లోకి ఊరతాయి. అందుకే పొద్దున్నే వణుకు, అందుకే ఆ గుక్కెడు తెల్లపొగ. ఆ పొగకి చేతిరుమాలు అడ్డం పెట్టమనేవాడు సాయిబు. మరక పడితే ఆయిలు, ఉత్త తడి అయితే ఆవిరి. మా రోజుల్లో వాసన ఉండేది కాదు, రేడియేటర్లో పోసేది కుళాయి నీళ్లేగా. ఇప్పటి కూలెంట్ అయితే పొగలో తియ్యటి వాసన వస్తుంది. వాసన చూడు గానీ నాలిక్కి రాసుకోకు, అది విషం.

నీళ్లంటే శ్రీశైలం గుర్తొస్తోంది. ఓ శివరాత్రి ముందు అంబాసిడర్లో ఏడుగురం, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల చేరి నల్లమల ఘాట్ ఎక్కుతున్నాం. సగం కొండ ఎక్కేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. మా గురువు బండి పక్కకి తీయించి బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. ఆయన ఎడమ మోచేతి కింద వేడి ఆవిరి కొట్టిన మచ్చ అరచేయంత ఉండేది. గంటన్నర కూచున్నాం. ఆడవాళ్లు పులిహోర విప్పారు, పిల్లలు కోతులకి శెనగలు వేశారు, ఎవరూ విసుక్కోలేదు. చల్లారాక మూత తీసి, బిందెతో తెచ్చిన నీళ్లు కొంచెం కొంచెంగా పోసి, మళ్లీ ఎక్కాం. దర్శనం అయ్యింది. గ్యాస్కెట్ ఏమీ కాలేదు. ఇప్పుడు ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, ఎర్రలైటు వెలిగినా "ఇంకో పది కిలోమీటర్లేగా" అని లాగించేస్తారు. ఆ పది కిలోమీటర్లలోనే హెడ్డు వంగేది.

అంబాసిడర్ ఊరుకుందంటే దానికి కారణం ఉంది. దాని బ్లాకూ, హెడ్డూ రెండూ పోతఇనుమే, వేడికి రెండూ ఒకేలా సాగుతాయి. 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, అల్యూమినియం హెడ్డు. అల్యూమినియం ఇనుముకి దాదాపు రెట్టింపు సాగుతుంది, మధ్యలో నలిగేది గ్యాస్కెట్టే. మావాళ్లు అంబాసిడర్‌ని తోలినట్టే దాన్నీ తోలి, హెడ్లు అప్పడాల్లా వంచి షెడ్డుకి తెచ్చేవారు. హెడ్డు మీద స్కేలు పెట్టి, సందులో ఫీలర్ రేకు దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటర్ రేకు దూరిందంటే లేత్ షాపుకి పంపాల్సిందే. రాసుకునే కాగితం మందంలో సగం, అంతే! ఆ సగం కాగితానికి ఇల్లు తాకట్టు పెట్టుకున్న టాక్సీ డ్రైవర్లని చూశాను.

పోనీ వేడి తెలుసుకుందామంటే ఇప్పుడు చాలా కార్లలో ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు. మధ్యలో ఏం జరుగుతోందో డ్రైవరుకి అక్కర్లేదని ఎవడో తీర్మానించాడు. ముల్లుంటే రోజూ నిలబడేచోటు తెలుస్తుంది, ఓ వెంట్రుకంత పైకి జరిగినా గుండె గుబేలుమంటుంది. ముల్లు తీసేసినవాళ్ల మీద నాకు కోపం, దాచుకోను.

అలాగని మేం చేసిందంతా వేదం కాదు. వేడెక్కిన ప్రతి బండికీ థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్లం. చల్లగా నడుస్తుందని సంబరపడేవాళ్లం. ఆ చల్లదనానికే పెట్రోలు ఎక్కువ తాగి, బోర్లు త్వరగా అరిగి బళ్లు మళ్లీ మా దగ్గరికే వచ్చేవి. కారుతున్న రేడియేటర్లో పసుపు పోసేవాళ్లం. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్లేడుతో గీకి, ఆ పొడిని నోటితో ఉఫ్‌మని ఊదేవాళ్లం. సాయిబు చివరి రెండేళ్లూ దగ్గుతూనే ఉన్నాడు. దానివల్లేనా అంటే నేను డాక్టర్ని కాను, కానీ ఆ పొడి గుర్తొస్తే నా గొంతు పట్టేస్తుంది. ఇప్పుడు రేకుల గ్యాస్కెట్లు వచ్చాయి. ఒకసారి లెక్క ప్రకారం బిగిస్తే చాలు. మేమైతే వెయ్యి కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ పిలిచి, మధ్యలోంచి మొదలెట్టి బయటికి వరసన బిగించి, ట్యాపెట్లు సరిచేసి పంపేవాళ్లం. ఆ వంకన ఓనరు మళ్లీ ఓసారి వచ్చి కూచునేవాడు, పిల్లల పెళ్లిళ్ల సంగతులు చెప్పేవాడు. రేకు గ్యాస్కెట్ మంచిదే, కానీ మనిషి మళ్లీ రాడు.

సరే, అల్లుడి కారు. నాలుగో బిల్లు తర్వాత దాన్ని రాత్రికి మా పటమట ఇంటి ముందు పెట్టించాను. మా వీధిలోనే చిన్న షెడ్డు పెట్టుకున్న కుర్రాడు ఒకడున్నాడు, ఐదింటికి రమ్మంటే ఆరింటికి వచ్చాడు. ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి పోయే గొట్టం మీద వాడి చెయ్యి పెట్టించి, మూత బిగించే ఉంచి, స్టార్ట్ చేయమన్నాను. వణికింది. నిమిషం గడవకముందే గొట్టం రాయిలా బిగుసుకుంది. నీళ్లింకా చల్లగానే ఉన్నాయి. వేడెక్కకుండానే ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చింది చెప్పు అన్నాను. వాడు నా వంక చూశాడు. ఇంజిన్ ఆపి, ఒత్తిడి దిగాక మూత మెల్లగా వదులు చేసి తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే పప్పు ఉడికినట్టు బుడగలు.

అప్పుడు వాడు సంచీలోంచి గాజు గొట్టం ఒకటి తీశాడు. అందులో నీలం మందు. రేడియేటర్ నోటికి పెట్టి, పైన బల్బు నొక్కుతూ లోపలి గాలిని మందులోంచి లాగాడు. మంట గాలి ఉంటే రంగు మారుతుందన్నాడు. నీలం కాస్తా ఆకుపచ్చై, చూస్తుండగానే పసుపైంది. బాగుంది, చాలా బాగుంది. స్కూలు మాస్టారి కారు నాడు నా దగ్గర ఇది ఉండి ఉంటే! వాడికి ఆ మాటే చెప్పాను. "మీ గొట్టం ముక్క ఫ్రీ కదా తాతగారూ, ఇది వేలల్లో ఉంది" అన్నాడు, మంచి పిల్లాడు.

రెండ్రోజుల్లో వాడి షెడ్డులో హెడ్డు ఎత్తాం. మూడో సిలిండర్ అంచున గ్యాస్కెట్ మీద గోరంత మేర తెగి, నీళ్ల రంధ్రం దాకా దారి పడింది. వాడు ఫోన్ తీసి ఫోటో కొట్టబోయాడు. ఫోన్ లోపల పెట్టి పిస్టన్ల మీద వేలు రుద్దమన్నాను. ఒకటో దాని మీద రుద్దాడు, వేలు నల్లగా వచ్చింది. రెండోది నలుపు, నాలుగోది నలుపు. మూడో దాని మీద రుద్ది వేలు చూసుకున్నాడు. ఆవిరికి కడుక్కుపోయి వెండి గిన్నెలా ఉంది ఆ పిస్టన్. వేలికి మసి అంటలేదు. మళ్లీ రుద్దాడు.