నేను విజయపురి మెట్టురాయిని

నా మీద అక్షరాలు లేవు, తామర రేకులు లేవు, ఏనుగుల వరస లేదు. అర్ధచంద్రాకారంలో చెక్కి, గుమ్మం ముందు నేలకు ఆనించి పరిచిన పల్నాటి సున్నపురాయిని నేను. మమ్మల్ని చంద్రశిలలంటారు. శ్రీలంకలో పాత విహారాలకు వెళ్తే అక్కడి గుమ్మాల ముందు కూడా నా బంధువులు కనిపిస్తారు. ఇప్పుడు నేనున్నది నాగార్జునసాగర్ జలాశయం అడుగున, ఒండ్రుమట్టిలో. ఒకప్పుడు ఈ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది.

నన్ను ఏ క్వారీలో తీశారో, ఎన్నాళ్ళు చెక్కారో అంతగా చెప్పుకోవలసిన సంగతి కాదు. నా మీద అడుగుపెట్టి లోపలికి వెళ్ళిన పాదాల గురించి చెప్పాలి.

సుమారు 1,750 ఏళ్ళ కిందట, వీరపురుషదత్తుడు రాజైన పద్నాలుగో ఏట, బోధిసిరి అనే ఉపాసిక చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఎవరి కోసం కట్టించిందో ఆ రాతినేల మీదే ప్రాకృతంలో చెక్కించింది. తామ్రపర్ణి ఆచార్యుల కోసమట, అంటే శ్రీలంక నుంచి వచ్చినవాళ్ళ కోసం. వాళ్ళు ధర్మం చెప్పి మెప్పించిన నేలల పేర్లు కూడా అక్కడే వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, దమిళ... అంత పెద్ద ప్రపంచం మా చిన్న గుట్ట మీది నేలలో ఇమిడింది. శాసనం చివర పని చూసుకున్న ముగ్గురు థేరుల, అంటే పెద్ద భిక్షువుల, పేర్లున్నాయి: చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. వాళ్ళ పక్కనే రాతిపనివాడు విధికుడి పేరు. డబ్బిచ్చినవాళ్ళ పేరు వేసి, చేతులు కాయలు కాచినవాడి పేరు వదిలేయడం లోకరివాజు. విధికుడి పేరు ఆ రాతి మీద ఉన్నందుకు నాకు ఇవాళ్టికీ గర్వం.

మా విహారం పెద్దదేం కాదు. మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల గదులు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే హాస్టల్ ఉన్న చిన్న కాలేజీ. ఒకే లోయలో అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ థేరులు, ఇలా వేర్వేరు బౌద్ధ శాఖలవాళ్ళు ఎవరి విహారాల్లో వాళ్ళుండేవాళ్ళు. బుద్ధుడి విగ్రహం పెట్టి పూజించాలా, స్తూపం చాలా అన్న దగ్గరే వాళ్ళకి పొసగేది కాదు. అయినా అందరూ ఒకే కృష్ణ నీళ్ళు తాగారు. రాజుల ఇల్లూ అంతే. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, సోదరి చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి పూనుకుంది. ఆ ఇంట్లో ఎవరి దారి వాళ్ళది.

తీరం నుంచి నడిచొచ్చిన పాదాన్ని నేను ఇట్టే గుర్తుపట్టేదాన్ని. మడమ పగుళ్ళలో ఎర్రమట్టి కాదు, ఉప్పు ఉండేది. కొండదారిన వచ్చిన పాదానికి వేళ్ళ చివర కాయలుండేవి. నా మీద కాలు పెట్టినవాణ్ణి నీది ఏ కులమని అడగడం నేను వినలేదు. ఏ భాష మాట్లాడతావని కూడా అడగలేదు. బుద్ధుడి కాలంలోనే మంగలి ఉపాలికి శాక్య రాజకుమారులకంటే ముందు దీక్ష ఇచ్చారు. తమ గర్వం అణగాలని వాళ్ళే అలా కోరారని వినయ గ్రంథాలు చెబుతాయి. ఆ ఉపాలి వారసత్వం మా గుమ్మం దాకా వచ్చింది.

అయితే నా మనసులో ఒక బాధ ఉంది, దాన్ని దాచలేను.

కులం అడగని ఆ గుమ్మం వేరే ప్రశ్నలు అడిగేది. నీకు కుష్ఠు ఉందా? మూర్ఛ ఉందా? క్షయ ఉందా? అప్పులున్నాయా? నువ్వు ఎవరికైనా బానిసవా? రాజు కొలువులో ఉన్నావా? సంఘంలో చేరాలంటే వీటికి సరైన జవాబు చెప్పాలి. ప్రతి ప్రశ్న వెనకా ఒక కారణం ఉంది. బుద్ధుడి కాలంలో వైద్యుడు జీవకుడి చికిత్స దొరుకుతుందని రోగులు వచ్చి చేరుతున్నారని ఒక నియమం పెట్టారు. అప్పులవాళ్ళు తప్పించుకోవడానికి వస్తున్నారని మరొకటి. చూపు లేనివాళ్ళనీ వినపడనివాళ్ళనీ నడవలేనివాళ్ళనీ కూడా చేర్చుకోవద్దన్నారు. కారణాలు నాకు అర్థమవుతాయి. కానీ వేళ్ళు అరిగిపోయిన పాదం ఒకటి నా మీద ఆగి, కాసేపు అలాగే ఉండి, తిరిగి కిందికి దిగిపోయింది. లోపలికి వెళ్ళిన వందల పాదాల్ని మరిచిపోయాను గాని ఆ ఒక్కదాన్ని మరవలేదు.

ఇంకొకటి. ఆ లోయలో స్తూపాలకూ మండపాలకూ దానాలిచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మా బోధిసిరి ఒక్కతే ఎన్నిచోట్ల ఇచ్చిందో! ఒకచోట చెరువు, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం, మరోచోట గదులు, కంటకసోలలో రాతి మండపం. ఇంత ఇచ్చిన మనిషికి అక్కడ ఉండి చదువుకునే గది మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్ష్వాకులు పోయారు. దానాలు ఆగాయి, భిక్షువులు చెల్లాచెదురయ్యారు. పైకప్పు కూలి నా మీద పడింది. ఆ పైన ముళ్ళచెట్లు, పాములపుట్టలు, మేకలు. నిధులుంటాయని ఎవరెవరో వచ్చి తవ్వి, దొరక్క తిట్టుకుంటూ పోయారు. నేను మట్టి కింద ఉన్న ఆ కాలంలోనే, పన్నెండో శతాబ్దంలో, ఇక్కడికి దగ్గర్లోని మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాలకులంలో పుట్టిన కన్నమదాసుకి సేనానాయకత్వం ఇచ్చాడని పల్నాడు చెప్పుకుంటుంది. మా గుమ్మం అడగని ప్రశ్ననే బ్రహ్మనాయుడూ అడగలేదు. నాకది చాలా తృప్తి.

1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ లోయకు వచ్చి శిథిలాలను గుర్తించారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద తవ్వకం మొదలైంది. అప్పటికే ఆనకట్ట మాట వచ్చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. నాగలితో దున్నుకునే పొలాలతో సహా లోయలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. పిల్లల్నీ కుండల్నీ బండ్ల మీద వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళ వెనక మేం మిగిలాం. శాసనాలున్న రాళ్ళనీ శిల్పాలనీ నీళ్ళు అందని కొండమీదికి చేర్చారు, కొన్ని కట్టడాల్ని అక్కడే తిరిగి నిలబెట్టారు. నన్ను పైకి తీయలేదు. ఒక మనిషి నా మీది మట్టి చేత్తో తుడిచి, అక్షరం కోసం వెతికి, పక్కరాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్షరం ఉన్న రాయిని కాపాడాలి, నిజమే. కానీ అక్షరం కోసం వచ్చినవాళ్ళందరినీ మోసిన రాయికి కొండమీద మూరెడు చోటు దొరకలేదు. తర్వాత నీళ్ళొచ్చాయి. మొదట చల్లగా, తర్వాత బరువుగా. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళతో పల్నాటి చేలు పచ్చబడ్డాయంటే నాకు కోపం లేదు.

ఇప్పుడు నా మీదుగా లాంచీలు వెళ్తుంటాయి. మాచర్ల, గురజాల, నరసరావుపేట కాలేజీల పిల్లలు కొండమీది మ్యూజియం చూడడానికి వెళ్తుంటారు. సుగాలి తండా నుంచి మొదటిసారి డిగ్రీలో చేరిన అమ్మాయి కూడా వాళ్ళలో ఉంటుంది. బోధిసిరికి దొరకని గది ఆ పిల్లకు దొరికింది. నడవలేని పిల్లల కోసం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కాలేజీల్లోనూ ప్రభుత్వ సాయంతో నడిచే కాలేజీల్లోనూ నూటికి 5 సీట్లకు తగ్గకుండా కేటాయించమంది. ఆ 5లో చూపు లేనివాళ్ళూ వినపడనివాళ్ళూ కూడా ఉన్నారు. మా కాలంలో వెనక్కి పంపినవాళ్ళలో ఎందరినో ఈ చట్టం పేరుపేరునా లోపలికి పిలిచింది. సీటిచ్చి, తరగతి మేడమీద పెడితే ఆ పిల్లవాడు కిందే ఆగిపోతాడు. నేను మెట్టుని, నాకు తెలుసు. పల్నాడులో కొత్త కాలేజీ కట్టేవాళ్ళు గుమ్మం ముందు నాలాంటి రాయిని పరిచే ముందు, పక్కనే చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు దారి కూడా కొలిచి కట్టమని మేస్త్రీకి చెప్పండి.