నామీంచి లేవండి

నేను టేకు కుర్చీని. నాకు చక్రాల్లేవు, నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనుతాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, తిరుమలగిరిలో ఉంటాను. ఈ చుట్టుపక్కల ఫౌజులో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామందే ఉన్నారు. ‘సావధాన్’ అనగానే కదలకుండా నిలిచిన కాళ్లు వాళ్లవి. అయితే కాళ్ల సత్తువ పింఛనులా నెలనెలా వచ్చిపడదు, వాడుతుంటేనే ఉంటుంది. పెద్దవయసువాళ్లకు నావల్ల కలిగే అసలు మేలు నామీంచి లేవడంలోనే ఉందంటాను.

సత్తువ తగ్గిన కాళ్లు మనిషిని పడేస్తాయి. అలా ఇలా పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2019 నాటి కాక్రేన్ సంస్థ సమీక్ష 25 దేశాల్లో జరిగిన 108 పరిశోధనలను పరిశీలించింది. వ్యాయామంతో వృద్ధులు పడిపోవడం 23 శాతం తగ్గిందని తేల్చింది. నిలకడ సాధనకు కండబలం పెంచే కసరత్తు కూడా తోడైతే 34 శాతం దాకా తగ్గవచ్చంది. నడక ఒక్కటే చాలుతుందనడానికి మాత్రం దానికి గట్టి ఆధారం దొరకలేదు. పొద్దున్నే వాకింగ్ చేసొచ్చి ‘మాకింకేం కావాలి’ అనేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి. చదును రోడ్డు మీద తిన్నగా నడిచినంత మాత్రాన, పక్కకు తూలినప్పుడు నిలదొక్కుకోవడం అలవాటు కాదు. అందుకే నా వీపును గోడకు ఆనించి, నామీద కూర్చుని మెల్లగా లేవండి, మళ్లీ కూర్చోండి. తర్వాత నన్ను గోడవైపు తిప్పి, వెనక నిలబడి నా వీపు పట్టుకుని మడమలెత్తండి, ఒంటికాలి మీద కాసేపు నిలవండి.

‘అలా చేస్తూ పడితేనో?’ అన్న భయం న్యాయమైనదే. మొదట రెండు చేతులతో పట్టుకోవాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్యే పడ్డవాళ్లు ముందు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడగాలి. కానీ భయంతో కదలడం మానేస్తే కాళ్లు ఇంకా బలహీనపడి, పడే ప్రమాదం పెరుగుతుంది. ‘ఈ వయసులో ఇంకేం బలం వస్తుంది’ అనేవాళ్లకు న్యూజిలాండ్ జవాబు చెప్పింది. 1997లో వెలువడిన అక్కడి ఒటాగో పరిశోధనలో ఇంట్లోనే కసరత్తు చేసినవాళ్లంతా 80 ఏళ్లు, ఆపైబడిన స్త్రీలు. వాళ్లు పడిపోవడం తగ్గింది. తడి బాత్రూమ్, చాలని వెలుతురు, మత్తెక్కించే మందులు కూడా పడేస్తాయి, నిజమే. వాటినీ సరిచేయాలి. నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రం ఇంట్లోవాళ్ల ప్రేమే. ‘నువ్వు లేవకమ్మా, నేను తెస్తా’ అని మంచినీళ్లూ కళ్లజోడూ చేతికే అందిస్తారు. లేవగలిగిన అమ్మను ఆ గ్లాసు కోసం లేవనివ్వండి, పక్కన మీరు నిలబడండి.