ఎనభై ఎనిమిది లీటర్ల బంగాళాఖాతం

విశాఖపట్నంలో కాపురముంటూ సముద్రాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే. మా మేడ మీద నిలబడి కాస్త మెడ సాచితే సముద్రం కనిపిస్తుంది. అయినా మా ఇంటికి సముద్రం పొడి రూపంలో, నాలుగు కిలోల సంచీలో, కొరియర్‌లో వచ్చింది. తెచ్చిన కుర్రాడు సంతకం పెట్టించుకుంటూ "ఏటి సార్ ఇది, ఇంత బరువుంది?" అన్నాడు. "ఉప్పు" అన్నాను. వాడు నన్నోసారి, బీచి వైపు ఓసారి చూసి, మారు మాట్లాడకుండా బండెక్కాడు.

అసలు నా పథకం అది కాదు. బోనస్ డబ్బులో 15 వేలకి మాత్రం మా ఆవిడ దగ్గర అనుమతి దొరికింది. అదైనా ఊరికే దొరకలేదు. 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే దొరసాని టార్కీ తీరం నుంచి పగడాల్ని జాడీలో పెట్టి ఇంటికి తెచ్చుకుందనీ, నీళ్లు పాడవకుండా పనిమనిషి చేత కిటికీ దగ్గర ఆ నీళ్లని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, టీ తిరగబోసినట్టు, రోజూ పోయించేదనీ, ఇంట్లో సముద్రాన్ని పెంచిన మొదటి వాళ్లలో ఆవిడొకరనీ అన్నం దగ్గర కథలా చెప్పాను. మా ఆవిడ సాంతం విని, "ఆ పనిమనిషికి జీతం ఎంతిచ్చేదిట?" అంది. చరిత్రకారులు ఆ సంగతి రాసినట్టు నాకు తెలీదు.

రెండడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. అద్దాల కొట్టులో అతికించి ఇచ్చిన తొట్టెలో 88 లీటర్లు పడతాయి. నీళ్లు ఫ్రీ అనుకున్నాను. కార్తీక మాసం, తెల్లవారుజామున అయిదింటికి, స్కూటరు మీద రెండు 20 లీటర్ల క్యాన్లతో ఆర్.కె. బీచికి వెళ్లాను. పంచె ఎగగట్టి, మోకాలి లోతులో నిలబడి క్యాను ముంచుతుంటే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది. "అమ్మగారికా బాబూ? లేవలేకపోతోందా?" అంది. కార్తీకంలో సముద్రస్నానానికి రాలేని తల్లి కోసం నీళ్లు మోసుకెళ్తున్నాననుకుంది. చేపల కోసమని చెప్పడానికి నోరు రాలేదు. తలూపాను. "నీలాంటి కొడుకులుంటే ఇంకేం కావాలి" అని, తడి చేత్తో నా నెత్తి మీద అక్షింతలు వేసినట్టు నాలుగు చుక్కలు చల్లి వెళ్లిపోయింది. మా అమ్మ అప్పుడు నర్సీపట్నంలో నిక్షేపంలా ఉంది.

ఇంటికొచ్చి ఉప్పదనం కొలిచే హైడ్రోమీటరు ముంచితే 1.019 చూపించింది. ఉండాల్సింది 1.025. పరికరం చెడిపోయిందేమోనని కాసేపు దాన్ని తిట్టాను గానీ, తప్పు దానిది కాదు. వానాకాలం వెళ్లేసరికి గంగా బ్రహ్మపుత్రలు పైన గుమ్మరించిన మంచినీళ్లు మన తీరం వెంబడే దక్షిణానికి దిగొస్తాయి. ఆ రోజుల్లో మన ఒడ్డున సముద్రం, పాలవాడి పాలలాగే, పలచనవుతుంది. మూడో రోజుకి క్యాన్ల అడుగున వేలెడు నల్లటి మడ్డి, ఇల్లంతా హార్బరు వాసన. నాలుగో రోజు పొద్దున్నే ఎవరూ చూడకుండా సముద్రాన్ని కాలవలో పోసేశాను.

అందుకని కొరియర్ ఉప్పు. వంటింటి ఉప్పు ఎందుకు పనికిరాదని మా ఆవిడ న్యాయంగానే అడిగింది. అది ఒట్టి సోడియం క్లోరైడు, పైగా అయొడిన్ కలిపింది. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల లవణాలుంటే అందులో మెగ్నీషియం, కాల్షియం, ఇంకా నానా రకాలూ ఉంటాయి. ఈ ఉపన్యాసం ఇస్తూ మా తొట్టెకి మూడు కిలోల పైచిలుకు కలిపాను. నీళ్లు ఆర్వోవి. "మనం తాగే నీళ్లు చేపలకి పోస్తున్నారా?" అన్న ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఇక పగడాలు. దుకాణంలో అడిగితే యజమాని గొంతు తగ్గించి, "కావాలంటే లోపల ఉన్నాయి సార్, భయపడక్కర్లేదు" అన్నాడు. భయపడక్కర్లేదు అన్నప్పుడే నాకు భయం మొదలవుతుంది. చదివి చూద్దును కదా, దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. 15 వేల బడ్జెట్లో నేను చాలా సర్దగలను గానీ, పులి పట్టదు. కాబట్టి మాది పగడాలు లేని పగడపు దిబ్బ. మట్టితో చేసి కాల్చిన బొక్కల రాళ్లు ఆరు కిలోలు తెచ్చి, గుహలూ వంతెనలూ వచ్చేటట్టు పేర్చాను. చూసినవాళ్లు వినాయక చవితికి మంటపం కడుతున్నాననుకున్నారు.

రాళ్లు పెట్టాను, ఇసుక పోశాను, మోటారు తిప్పాను. ఇక చేపలే కదా అనుకుంటే, అక్కడ మొదలైంది అసలు వనవాసం. చేప వదిలే అమ్మోనియా చేపకే విషం. దాన్ని తినే బాక్టీరియా ఒక రకం, అది మిగిల్చిన నైట్రైటుని నైట్రేటు చేసే బాక్టీరియా ఇంకో రకం. ఈ రెండు వర్గాలూ రాళ్లలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి ఈలోగా తిండి కావాలి. సీసాలో అమ్మోనియా అమ్ముతారు గానీ, చవగ్గా కావాలంటే ఒక పచ్చి రొయ్యని నీళ్లలో వేసి కుళ్లనివ్వాలి. ఆదివారం మా ఆవిడ వలిచి పెట్టుకున్న రొయ్యల్లోంచి ఒకటి తీశాను. "కూరలో తగ్గుతుంది, చిన్నది తీసుకోండి" అంది.

అలా మా ముందుగదిలో, తెల్లటి ఇసుక మీద, నీలం లైటు కింద, ఒక్క రొయ్య. వారానికి దానికి తెల్లటి బూజు పట్టి దూదిపింజలా అయింది. పక్కింటి వాళ్లు చూడ్డానికొచ్చి, చాలాసేపు వంగి చూసి, "బాగుందండీ. పడుకున్నట్టుంది పాపం" అన్నారు. ఔనన్నాను.

రోజూ రాత్రి నీళ్ల పరీక్ష. గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు, ఈ సీసాలోంచి ఎనిమిది చుక్కలు, ఆ సీసాలోంచి ఎనిమిది చుక్కలు, అయిదు నిమిషాలాగి రంగు చూసుకోవాలి. పసుపైతే అమ్మోనియా లేదు, పచ్చబడేకొద్దీ ఉన్నట్టు. అట్ట మీద పసుపుకీ పచ్చకీ మధ్య ఉన్న గళ్లన్నీ నా కంటికి ఒకేలా ఉండేవి. ఇరవై ఏళ్లుగా చీరల కొట్లలో ఆరితేరిన మనిషి ఇంట్లో ఉందని పదో రోజుకి గుర్తొచ్చింది. గొట్టం అందుకుని ట్యూబులైటు కింద ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, "ఇది నిమ్మపండు కాదు, చిలకపచ్చా కాదు. లేత అరిటాకు. మూడో గడి" అంది. ఆ తర్వాత నేను పరీక్ష చేయడం, ఆవిడ తీర్పు చెప్పడం. ముప్పైఎనిమిదో రోజున "శుద్ధ పసుపు" అని తీర్పు వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం.

ఇంత చేసీ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. రోజూ అర లీటరో ముప్పావో నీళ్లు ఆవిరైపోయేవి. ఇది సముద్రం కదా అని, ఉప్పు కలిపిన నీళ్లే జాగ్రత్తగా పోస్తూ వచ్చాను. మూడు వారాలకి హైడ్రోమీటరు 1.031కి ఎగబాకింది. అర్థంకాక తల పట్టుకుంటే, మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తలైనా తిప్పకుండా అంది: "చారు మరిగిపోతే నీళ్లు పోస్తాం గానీ, మళ్లీ ఉప్పేస్తామా?"

చేపల ధర మొత్తం ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టిన జంట. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు, పిల్లల సినిమాలో నీమో జాతి. ఈ జాతిలో అందరూ మగవాళ్లుగానే పుడతారు. పెద్దరికం ఎవరికి వస్తే వారు ఆడదవుతారు, తర్వాతిది మొగుడు. ఆడది పోతే మొగుడే ఆడదవుతుంది. ఆ లెక్కన 2003 నాటి ఆ సినిమాలో భార్య పోయాక నీమో తండ్రి సముద్రమంతా వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు, ఇంట్లోనే తల్లి అయిపోవాలి. మా ఇంట్లో ఈ సంగతి విన్నాక పెద్ద చేపకి గౌరవం పెరిగింది. ముందు దానికే తిండి వేస్తారు.

ఈ చేపలు కాపురముండే సముద్రపు పువ్వు (సీ అనిమోన్) కొనే స్తోమత లేక, చిన్న మట్టికుండ ఒకటి కడిగి పడుకోబెట్టాను. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు పెద్దది లోపలికి వెళ్లింది, చిన్నది గుమ్మంలో ఆగింది. ఇప్పటికీ కుండ దగ్గరికి నా వేలు వెళ్తే చిన్నదే వచ్చి పొడుస్తుంది, పెద్దది లోపల్నుంచి చూస్తుంది.

బడ్జెట్లో కోసేసిన వాటిలో బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ఒకటి. మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఆగిపోయిన మోటారు పక్కన చీకటి తొట్టె నిశ్శబ్దంగా ఉంది. అరగంటకి చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలెట్టాయి. బాత్రూంలోంచి మగ్గు కడిగి తెచ్చి, తొట్టెలో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోకే పోయడం మొదలుపెట్టాను. ముంచడం, పోయడం. చెయ్యి మారుస్తున్నాను గానీ ఒంటిగంట దాటేసరికి రెండు భుజాలూ పడిపోయాయి.

మా ఆవిడ ఫోను లైటుతో వచ్చి, చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ కిటికీ తెరవండి. ఆవిడ కిటికీ దగ్గరే కదా పోయించేది" అంది.

తెరిచాను. సముద్రం గాలి రివ్వున లోపలికొచ్చింది. నా చేతిలోంచి మగ్గు అందుకుని, చీర కొంగు బొడ్లో దోపుకుంటూ, "ముందు నా జీతం సంగతి తేల్చండి" అంది.