రీస్టార్టు మహిమ

పని కోసం తీసుకున్న మెమరీని పని ముగిశాక కూడా ప్రోగ్రాము వదలకపోవడమే మెమరీ లీకు. స్క్రిప్టులు తగిలించిన ప్రాక్సీ సర్వర్లో ఇది తేలిగ్గా చొరబడుతుంది. వచ్చిపోయే ప్రతి రిక్వెస్టూ పది కిలోబైట్లు మిగిల్చిపోతే, లక్ష రిక్వెస్టులు దాటేసరికి ఒక గిగాబైటు మాయం.

హోసూరు సిప్‌కాట్ నుంచి అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీ దాకా దీనికి బాగా చెల్లే చిట్కా ఒకటుంది: రాత్రి మూడింటికి సర్వర్‌ను రీస్టార్టు చేసేలా క్రాన్ (చెప్పిన వేళకు పని నడిపే ఏర్పాటు) పెట్టేయడం. చిట్కా మహిమను శంకించనక్కర లేదు. మూడు దాటగానే మెమరీ గ్రాఫు నేలకు దిగుతుంది, పొద్దున మీటింగులో అదే గ్రాఫు తెర మీదికి ఎక్కుతుంది. సాయంత్రం గ్రాఫును చూపించే ఆచారం లేదు. ట్రాఫిక్ పెరిగితే రోజుకు రెండు రీస్టార్టులు, ఇంకా పెరిగితే నాలుగు. దీనికి ‘ఆటో హీలింగ్’ అని నామకరణం కూడా జరుగుతుంది. రాత్రి మూడింటికి సర్వర్‌తో ఎవరికీ పనుండదన్నది ఈ చిట్కాకు పునాది. హోసూరు ఫ్యాక్టరీల్లో మూడో షిఫ్టు అనేది ఒకటుందని క్రాన్‌కు ఎవరూ చెప్పలేదు.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు బోయింగ్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. 787 విమానానికి 248 రోజులు ఎడతెగకుండా కరెంటు ఉంటే జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చని, అందుకే మధ్యమధ్య ఆపి మళ్లీ వెయ్యాలని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశించిన మాట నిజమే. సాఫ్ట్‌వేరు సరిచేసేదాకానే ఈ ఏర్పాటు అని కూడా అందులోనే ఉంది. సాక్ష్యం సగంలో ఆగిపోతుంది కాబట్టి ఆ మాట ఎవరి చెవినా పడదు.

తతిమ్మా సగం ఎలా ఉంటుందో కృష్ణగిరిలో చూడవచ్చు. 2017 నవంబరులో అక్కడి డ్యామ్ గేటు ఒకటి విరిగింది. నీళ్లు వదిలి మట్టం దించారు, ఆపైన కొత్త గేటు బిగించారు. క్రాన్ శాస్త్రం ప్రకారమైతే రెండో పని దండగ. రోజూ రాత్రి మూడింటికి డ్యామ్ ఖాళీ చేసి, పొద్దున మట్టం చూపించి చప్పట్లు కొట్టించుకుంటే చాలు.

రీస్టార్టు చేసినా ఫలితం దక్కని సందర్భమూ చరిత్రలో ఉంది. 1992 నవంబరు 4 తెల్లవారుజామున రెండు దాటాక లండన్ అంబులెన్స్ సర్వీసు కంప్యూటర్లు నెమ్మదించి, చివరికి బిగుసుకుపోయాయి. సిబ్బంది తమకు నేర్పినట్టే వర్క్‌స్టేషన్లను ఆపి మళ్లీ వేశారు. లీకు ఉన్నది ఫైల్ సర్వర్లో. అంతకు సుమారు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామరు మరిచిపోయి వదిలేసిన చిన్న కోడు, అంబులెన్సు కదిలిన ప్రతిసారీ కొంత మెమరీ పట్టుకుని కూర్చుంది.

అసలు పద్ధతిలో ఇంత నాటకీయత ఉండదు. మొదట స్క్రిప్టులన్నీ తీసేసి ప్రాక్సీని నడపాలి. మెమరీ పెరగడం ఆగితే దోషం స్క్రిప్టుదే. కొంతదూరం పెరిగి నిలకడపడితే అది లీకు కాకపోవచ్చు. పైథాన్ స్క్రిప్టులైతే 2014లో 3.4 వెర్షన్‌తో వచ్చిన ట్రేస్‌మాలక్ అనే పరికరం ఉంది. గంట తేడాతో రెండు స్నాప్‌షాట్లు తీసి పోల్చితే, మెమరీ మింగుతున్న పంక్తిని నంబరుతో సహా చూపిస్తుంది. పైథాన్ స్క్రిప్టులు తగిలించుకునే ప్రాక్సీ అయిన మిట్మ్‌ప్రాక్సీలో తరచూ దొరికే దొంగ ఇలా ఉంటాడు: రిక్వెస్టు రాగానే స్క్రిప్టు దాన్ని ఒక డిక్షనరీలో దాస్తుంది, రెస్పాన్సు వచ్చాక తీసేస్తుంది. కనెక్షన్ మధ్యలో తెగితే రెస్పాన్సు రాదు, దాని బదులు ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చినప్పుడు తీసెయ్యమని ఎవరూ రాయలేదు గనక ఆ రిక్వెస్టు అక్కడే కాపురం పెడుతుంది.

సవరణ రెండు మూడు పంక్తులకు మించదు. అంత చిన్న పనికి అప్రైజల్‌లో మార్కులు పడవు. అర్ధరాత్రి లేచి సర్వర్‌ను ‘కాపాడిన’ వీరులకే అవి పడతాయి. లీకులకు దీర్ఘాయువు పోస్తున్న అసలు కారణం ఇదే. సవరణ అయ్యాక పనిలో ఆఖరి మెట్టు క్రాన్‌ను తీసెయ్యడం. అది ఉన్నంతకాలం లీకు పోయిందో, మూడింటికి మళ్లీ దాక్కుందో తేల్చే దారే లేదు.