సకల తెరల ఏకీకరణాధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఏకీకరణాధికారి గారి దివ్యసముఖానికి, మౌసు పట్టుకుని పొట్టపోసుకునే ఓ గుమాస్తా నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా,

ఫోనుకీ, ట్యాబ్లెట్‌కీ, కంప్యూటరుకీ ఒకే ముఖం ఉండి తీరాలని తమరు సెలవిచ్చారు. ఒకచోట నేర్చుకుంటే మూడుచోట్లా పనికొస్తుందన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే తమరి ఏలుబడిలో ఇప్పటికే జరిగిన ముచ్చట్లు కొన్ని గుర్తుచేస్తాను, కోపగించుకోకండి.

2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చింది. 1995 నుంచీ తెర కింద ఎడమ మూలన నమ్మకంగా కొలువు చేస్తున్న స్టార్ట్ బటన్ ఉద్యోగం ఊడింది. దాని బదులు తెర నిండా రంగురంగుల పలకలు, వేలితో నొక్కుకోమని. జనం బల్లల మీద ఉన్న మానిటర్లలో చాలావాటికి వేలి స్పర్శ తెలియదన్న సంగతి ఎవరూ తమరి చెవిన వేసినట్టు లేదు. కంప్యూటర్ ఆపడమే పెద్ద క్రతువు. బాణాన్ని కుడి మూలకి తోస్తే ఓ పట్టీ బయటికొస్తుంది, అందులో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. మూలకి పోతే పట్టీ వస్తుందని తెర మీద ఎక్కడా రాసి ఉండదు, గురుముఖతః నేర్చుకోవలసిందే.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది విండోస్ సర్వర్ 2012. సర్వరంటే ఏసీ గదిలో, ఇనప చట్రంలో, చాలాసార్లు మానిటరు కూడా లేకుండా బతికే యంత్రం. దానికీ అవే పలకలు పెట్టించారు. సమానత్వమంటే అదీ!

అయ్యా, చిక్కంతా మనిషి చేతిలో ఉంది. గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరైతే చేయి అంత త్వరగా చేరుతుందని 1954లోనే పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త లెక్క కట్టాడు. ఆ లెక్కన మౌసుకి తెర మూల మహా సులువు. ఎంత విసురుగా తోసినా బాణం అంచు దాటిపోలేదు, అక్కడే ఆగుతుంది. ఒంటిచేత్తో పట్టుకున్న పెద్ద ఫోనులో మాత్రం పై మూల బొటనవేలికి అందదు. బాణం సూదిమొన, వేలేమో తాను నొక్కేదాన్నే కప్పేస్తుంది. బాణం కాసేపు ఆగితే చిన్న చీటీ వచ్చి బటన్ పేరు చెబుతుంది. వేలికి ఆ వెసులుబాటు లేదు, తాకిందంటే పని జరిగిపోయినట్టే. అందుకే ఆండ్రాయిడ్ నియమాల్లో నొక్కే ప్రతిదానికీ 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్ల చోటు వదలమంటారు. ఫోనులో అది న్యాయం. ఆ కొలతే నా లెక్కల షీటుకీ వేస్తే సగం వరసలు తెర కిందికి జారిపోతాయి, రోజంతా వాటిని పైకి లాక్కుంటూ కూర్చోవాలి.

తెలుగువాడి పాట్లు అదనం. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘స్త్రీ’ అని రాయాలంటే పైకీ, కిందికీ చోటు కావాలి. ఇంగ్లీషు అక్షరం ఎత్తుకి కొలిచిన బటన్‌లో ‘సెట్టింగులు’ పెడితే టవత్తు తెగి ‘సెటింగులు’ మిగులుతుంది.

తమరి కలను అందరికన్నా చిత్తశుద్ధితో కన్నవాడు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్. ఫోనుని మానిటరుకి తగిలిస్తే అదే కంప్యూటర్ అయిపోవాలన్నాడు. 2013లో ఉబుంటు ఎడ్జ్ ఫోను కోసం జనాన్ని 3.2 కోట్ల డాలర్లు అడిగితే ఇస్తామన్నది సుమారు 1.28 కోట్లు. ఫోను రాలేదు. 2017 ఏప్రిల్‌లో ఆ దారి వదిలేస్తున్నామని ఆయనే ప్రకటించాడు. అయినా ఆయన బృందానికి ఒక మెప్పు ఇవ్వాలి. ఫోనులో తెర నిండా ఉండే యాప్, మౌసు తగిలించగానే విడి కిటికీగా మారేలా చూశారు. చేతిని చూసి ముఖం మార్చడమంటే అది.

విండోస్ కూడా చివరికి దారికొచ్చింది. 2013లో 8.1తో బటన్ తిరిగొచ్చింది, 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ కూడా వచ్చింది. అప్పటికి మైక్రోసాఫ్ట్ సీఈఓ కుర్చీలో ఉన్నది మన హైదరాబాదు సత్య నాదెళ్ల. ఈ పుణ్యంలో మనమూ వాటా రాసుకోవచ్చో లేదో తెలుగువాళ్ళం తీరిగ్గా తేల్చుకుంటాం.

వెనకటికి పండక్కి ఒకే తానులోంచి ఇంట్లో పిల్లలందరికీ గుడ్డ చింపించేవారు. తాను ఒకటే అయినా దర్జీ ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి కొలతలు తీసుకునేవాడు. తమరు కలపాల్సింది తానుని. నా ఫైళ్ళు, పాస్‌వర్డులు, ఇక్కడ కాపీ చేసిన ముక్క, అక్కడ సగంలో ఆపిన ఉత్తరం మూడు తెరల మీదా ఒక్కటిగా ఉంటే తమరి ఫొటో కట్టించి గోడకి తగిలిస్తాను. బటన్ల కొలతలు మాత్రం ఏ చేతికి ఆ చేతికి వేరుగా తీయించండి.

కాబట్టి తమరు దయ ఉంచి, మౌసు తగిలించి ఉన్నంతసేపూ బటన్లు చిన్నవి చేయించండి, తీసేయగానే పెద్దవి చేయించండి. మూలల్లో దాచినవన్నీ తెర మీదికి తెప్పించండి. వత్తుకి చోటు వదిలించండి. ఇవన్నీ వెంటనే కుదరవంటే, ముందుగా షట్‌డౌన్ ఎక్కడుందో కనబడేలా పెట్టించ ప్రార్థన. సాయంత్రం ఆరయింది, ఇంటికెళ్ళాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓ గుమాస్తా