బర్రెల బాబాయి రేటు

పల్నాట నాలుగూళ్లకొక బర్రెల బాబాయి ఉంటాడు. కోటప్పకొండ తిరనాళ్ల ముగిసి, శివరాత్రి చలి శివశివా అంటూ వెళ్లిపోగానే ఆయన సైకిలు బయటికొస్తుంది. హ్యాండిలుకు ఒక గోతాం సంచి. అందులో రెండు మంగలికత్తులు, సానరాయి, బ్లేళ్ల పొట్లం, అరిగిపోయిన బట్టల సబ్బు, కాళ్లకు బందం వేయడానికో తాడు. ఊళ్లోవాళ్ల బర్రెలకు బొచ్చు గీయడం ఆయన పని. సొంత బర్రె మాత్రం లేదు. ఉంటే దానికి ఎంత తీసుకోవాలో తేలదని కొనలేదంటాడు.

బర్రెకు క్షవరమేంటని పట్నం వాళ్లు నవ్వొచ్చు. నల్లటి తోలు, ఆవుకున్నన్ని చెమట గ్రంథులు లేని ఒళ్లు, పైన మన ఎండ. సాగర్ కుడి కాలువలో నీళ్లున్నన్నాళ్లూ అది ముక్కు వరకు మునిగి హాయిగా ఉంటుంది. వేసవిలో కాలువ కట్టేస్తారు, ఎండలకు రెంటచింతల పేరు పేపరుకెక్కుతుంది, ఇక బర్రెకు దిక్కు మనం పోసే నాలుగు బకెట్లే. బొచ్చు తీస్తే ఆ నీళ్లు తోలుకు తగులుతాయి, పేలూ గోమార్లూ దాక్కోవడానికి చోటుండదు. గీసి, కడిగి, నూనె పట్టించి నిలబెడితే ఆరు ఈతల బర్రె కూడా తొలిచూలు పడ్డలాగా నిగనిగలాడుతుంది. ఈ చివరి సంగతి బేరగాళ్లకు బాగా తెలుసు.

అసలు కథ రేటు దగ్గర మొదలవుతుంది.

“ఎంత తీసుకుంటావు బాబాయ్?” అని ఇంటావిడ అడుగుతుంది. ఆయన పలకడు. బర్రె చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. మొదట వెనక కాళ్లు చూస్తాడు, తర్వాత కొమ్ముల తిరుగుడు, ఆ తర్వాత పలుపు ఎంత పాతదో చూస్తాడు. అక్కడితో బర్రె పని అయిపోయింది. ఇక ఇల్లు. కొట్టంలో గచ్చుందా మట్టా, వాకిట్లో ట్రాక్టరుందా, గడ్డివామి ఎంత ఎత్తుంది, తనకిచ్చిన టీ గ్లాసులోదా, పేపరు కప్పులోదా. అన్నీ చూసుకుని తాపీగా, “ఏముందిలే అమ్మాయ్, చూసి ఇవ్వు” అంటాడు. చూడాల్సినవాడు అప్పటికే చూసేశాడు.

ఆయన ధరల పట్టిక ఏ గోడ మీదా ఉండదు, కానీ ఊరందరికీ నోటికొచ్చు. సాధు బర్రెకు ఒకటి. తన్నుడు బర్రెకు దాని మీద సగం. “మా బర్రె పసిపిల్ల బాబాయ్, ముట్టుకున్నా కదలదు” అన్నవాడికి తన్నుడు బర్రె రేటే, ఎందుకంటే ఆయన మోకాలి మీదున్న రెండు మచ్చలూ పసిపిల్లలు పెట్టినవే. దున్నపోతుకు మాట వేరు. తల్లి బర్రెతో పాటు తెస్తే దూడకు ఊరికే. ఒక్క బర్రె పాల మీద సంసారం ఈదే ముసలావిడ దగ్గర పుచ్చుకునేది లోటా మజ్జిగ. అదీ రెండోసారి అడగడు.

సంతకు తోలే బర్రెకు మాత్రం రెండింతలు. ఇక్కడ ఆయన దయాదాక్షిణ్యాలు పనిచేయవు. “రేపు నువ్వు దీని వయసు రెండేళ్లు తగ్గించి చెప్తావు. ఆ రెండేళ్లూ తీసింది ఎవరు? నా కత్తి గదా!” అంటాడు. బేరగాడు కిక్కురుమనడు. పక్కింటివాళ్లు వింటున్నారు మరి.

మిరపకు నల్ల తామర పురుగు పడ్డ 2021 లాంటి ఏడు రేటు ఎత్తడు. “కానీయ్, పంట చేతికొచ్చాక చూద్దాంలే” అని గీసి వెళ్తాడు. కాయ ధర పలికిన ఏడు మాత్రం, గుంటూరు యార్డులో క్వింటా ఎంత పోయిందో ఆయనకు రైతుకన్నా ముందే తెలిసి ఉంటుంది.

ఇక మన యజమాని. పాలకేంద్రంలో కొవ్వు ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్‌ ఎంత అని మిషను చీటీ ఇస్తే, ఏడుంటుందనుకున్న వెన్న ఆరు చూపించినా నోరెత్తకుండా ఇంటికొస్తాడు. ఆ ఉక్రోషమంతా బాబాయి మీద పది రూపాయల దగ్గర తీర్చుకుంటాడు. అదీ ఎప్పుడు? ఒక పక్క గీయడం అయ్యాక. అప్పుడైతే వదిలేసి పోలేడు కదా అని ఎత్తుగడ. బాబాయి వాదించడు. కత్తి తుడిచి సంచిలో పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని బీడీ ముట్టిస్తాడు. బర్రె ఒక పక్క అద్దంలా, ఇంకో పక్క అట్టలు కట్టి నిలబడి ఉంటుంది. సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా ఆ వాకిలి ముందు నుంచే పోవాలి. కోడిపోరు మీద యుద్ధం దాకా వెళ్లిన సీమే గానీ, ఈ తగువు మాత్రం ఎప్పుడూ బీడీ సగం కాలేలోపే తేలుతుంది.

మొన్నామధ్య ఒక కుర్రాడు బ్యాటరీ మిషను తెచ్చాడు. సీమదేశాల్లో గుర్రాలకు దాంతోనే కత్తిరిస్తారని ఫోనులో చూశాడట. నిజమే, ఇంగ్లండులో చలికాలపు బొచ్చుతో పనిచేస్తే గుర్రానికి పట్టిన చెమట తొందరగా ఆరదని గీస్తారు, గీసి మళ్లీ దుప్పటి కప్పుతారు. రేటు కూడా ఎంత బొచ్చు తీస్తే అంత: సగం ఒంటికి ఒకటి, మొత్తానికి ఒకటి. అయితే వాళ్లు ముందు గుర్రానికి ఆ చప్పుడు అలవాటు చేస్తారు. మనవాడు నేరుగా తన్నుడు బర్రె పొట్ట కింద ఆన్ చేశాడు. గుంజ ఊడింది. బర్రె కాలువకట్ట మీద దొరికింది. మిషను పేడకుప్పలో దొరికింది. బాబాయి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో మర్నాడు గీసినప్పుడు మాత్రం, గుంజ పాతినందుకు కూడా కలిపి తీసుకున్నాడు.

నన్నడిగితే ఆయన రేటు న్యాయమే. పాలు మనకు, తన్నులు ఆయనకు. బొచ్చు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి దానికి విడిగా ధర కట్టలేం. మీ కొట్టంలో బర్రె ఉంటే ఫాల్గుణంలోనే కబురు పెట్టండి, టీ గ్లాసులో ఇవ్వండి, బేరం రెండు పక్కలకూ కలిపి ముందే మాట్లాడుకోండి. ఉగాది దాటితే ఎండతో పాటు ఆయన రేటూ ఎక్కుతుంది. మళ్లీ వానలు పడేదాకా దిగదు.